ఉక్కు రీడును గీకినందుకు

ఈరోజు ధర్మవరంలో ఒక పియానో రీడు విరగ్గొట్టాను. పైగా దానంతట అదే విరిగిందని చెప్పాను.

హిందూపురంలో నాది హార్మోనియంలు బాగుచేసే పని. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒకాయన దగ్గర పాత ఎలక్ట్రిక్ పియానో ఉంది. అది బెంగళూరు ఆర్కెస్ట్రాలో వాయించిన వాళ్ల అన్నయ్యది. అన్న పోయాక, అన్న వాయించే పాట ఒక్కటి ఈయన పట్టుబట్టి నేర్చుకున్నాడు. కొన్ని స్వరాలు కీచుమంటున్నాయని నన్ను పిలిపించాడు.

మీట నొక్కితే లోపల చిన్న సుత్తి ఉక్కు రీడును, అంటే పల్చటి రేకును కొడుతుంది. రీడు కొసన సీసం బొట్టు ఉంటుంది. స్వరం దించాలంటే టంకం కరిగించి ఆ బొట్టు పెంచాలి. పొద్దున్నుంచి సుత్తుల మెత్తలు సరిచేసి కీచు తగ్గించాను. మధ్యలో ఒక్క స్వరం మాత్రం కాస్త పైకి పలుకుతోంది. టంకం వేడిచేయడానికి బద్ధకించి, హార్మోనియం ఇత్తడి రీడుకు చేసినట్టే రీడు మొదలు దగ్గర బ్లేడుతో గీకాను. ఉక్కు ఆ గీతను ఓర్చుకోదని నాకు తెలుసు. నాలుగుసార్లు మీట నొక్కేసరికి టప్పుమంది.

"ఏమైందప్పా?" ఆయన మగ్గం గుంతలోంచి లేచాడు.

"పాతది కదన్నా, దానంతట అదే ఇరిగిపాయ."

"మగ్గం కాడ కూర్చోమంటే నడుము నొప్పంటాడు. దీని ముందరైతే పొద్దు మునిగేదాకా కూర్చుంటాడు. ఇంక నా చెవులకి సెలవు!" వంటింట్లోంచి ఆయన భార్య నవ్వింది.

ఆయన నవ్వలేదు. పాట మొదలుపెట్టాడు. ఆ స్వరం రావలసిన ప్రతిచోటా ఉత్త కొయ్యచప్పుడే వచ్చింది. కాసేపటికి చేతులు తీసేశాడు.

"ఇట్లాంటిది యాడన్నా దొరుకుతాదా?"

"దొరకదన్నా."

ఆ ఒక్క మాటా నిజమే. అన్నం తినిపొమ్మన్నాడు. తిన్నాను.

రైలెక్కాను గానీ ఆ కొయ్యచప్పుడు వదల్లేదు. దారిలో పెనుకొండలో దిగి, బస్సులో వెనక్కి ధర్మవరం వెళ్లాను.

"అన్నా, అది దానంతట అదే ఇరగలా. నేనే గీకి ఇరగ్గొట్టినా."

"అప్పుడే చెప్పింటే అన్నం పెట్టకుండా తరుముతాంటినా నిన్ను?" అన్నాడాయన.

పైస్వరాల వైపున్న ఒక నల్లమీట చూపించి అది పాటలో వస్తుందా అని అడిగాను. రాదన్నాడు. ఆయన సరే అన్నాకే దాని రీడు విప్పి, కొసన టంకం పెంచి, విరిగినదాని చోట బిగించాను. స్వరం కుదిరింది గానీ మొద్దుగా పలికింది. అంతకంటే నావల్ల కాలేదు. నల్లమీట మూగబోయింది. మూత బిగించే ముందు, తర్వాత విప్పేవాళ్లకు తెలిసేలా దాని లోపలివైపు పెన్సిలుతో రాశాను: రీడు విరగ్గొట్టింది నేనే అని, కింద నా ఊరు, నా పేరు.