బోరు ప్రశ్న మీద నేను పెట్టిన అభ్యంతరం

నేను రాసిన అర్జీల్లో దేనికీ జవాబు రాలేదు. మా కోడుమూరు వీధిలో దీపం వెలగడం లేదని రాశాను. లైబ్రరీలో పత్రికలు వచ్చిన రోజే మాయమవుతున్నాయని రాశాను. ఒక పెళ్లిలో నన్ను చూసి కూడా పలకరించకుండా పోయిన పెద్దమనిషికి, అలా పోవడం మర్యాద కాదని ఆయన ఇంటి చిరునామాకే రాశాను. ఎవరూ పలకలేదు. వాళ్లకు గుర్తుండకపోవచ్చు. నాకు అన్నీ గుర్తున్నాయి.

ఒక్క అర్జీకి మాత్రం ఫలితం వచ్చింది. తప్పని తెలిసి రాసింది అదొక్కటే. దాన్ని ఇన్నేళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మేం కర్నూలులో ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లం. పాతబస్తీలో మిద్దె మీద ఒక గది. నేను, ఖాసీం. వాడిది ఆలూరు దగ్గర పల్లె. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పగలంతా లైబ్రరీ. ఎండాకాలం ఆ గది గోడలు చల్లారేవి కావు, అందుకని పొద్దు వాలగానే మాలాగే చదువుకునే ఇంకో నలుగురితో కలిసి పుస్తకాలు చంకలో పెట్టుకుని తుంగభద్రకు పోయేవాళ్లం. ఆ రోజుల్లో నదిలో నీళ్లకంటే బండలే ఎక్కువ. ఒక్కొక్కరికి ఒక్కో బండ. ఖాసీం బండ మీద ఇంకెవరైనా కూర్చుంటే వాడు నిలబడే చదివేవాడు గానీ లెమ్మనేవాడు కాదు. నేనైతే లేపేవాణ్ణి.

రీజనింగ్‌లో వాదనల ప్రశ్నలని ఒక రకం ఉంటాయి. ఫలానా పని చేయాలా వద్దా అని మొదట ఒక ప్రశ్న ఇస్తారు. కింద రెండు వాదనలుంటాయి. ఏది బలమైనదో, ఏది బలహీనమైనదో చెప్పాలి. మనకు నచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. వాదన అసలు విషయానికి తగలాలి. ఎప్పటినుంచో జరుగుతోంది కాబట్టి జరగనివ్వాలి అంటే అది బలం కాదు. కాగితం మీద లేని సంగతిని మన తలలోంచి తెచ్చి కలపకూడదు. ఇది నాకు వెంటనే పట్టుబడింది. ఎదుటివాడి మాటలో లోపం వెతకడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఖాసీంకు మాత్రం పట్టుబడేది కాదు. నేనే నేర్పాను. ఒక సాయంత్రం ఆ బండల మీద వాడికి ఇచ్చిన ప్రశ్న ఇది: కరువు ప్రాంతాల్లో కొత్త బోర్లు నిషేధించాలా? వాదన ఒకటి: అవును, భూమిలో నీళ్లు అడుగంటుతున్నాయి. వాదన రెండు: వద్దు, రైతులు ఎప్పటినుంచో బోర్లు వేసుకుంటున్నారు.

“రెండూ బలమైనవే,” అన్నాడు ఖాసీం.

“రెండోది ఎట్ల బలమైందిరా?”

“మా నాయన ఏయించిన బోర్లు చూసినావు కదప్పా. మాకు కాలువ ల్యా, చెరువు ల్యా. బోరు వద్దంటే ఆయప్ప ఏం చేయల్ల?”

“మీ నాయన ఈ ప్రశ్నలో లేడు.”

“మా నాయన యాడుండాడు చెప్పు? రేషన్ కార్డులో పేరు తప్పు, ఓటరు కార్డులో వయసు తప్పు. ఇప్పుడు నీ ప్రశ్నలో కూడా లేకపాయె.”

“నవ్వులాట కాదు, విను. ఎప్పటినుంచో ఏసుకుంటాండారు అని ఉండాది. వేరే దారి లేదని ఉండాదా? లేదు. లేనిదాన్ని నువ్వు తెస్తాండావు. పరీక్ష హాల్లోకి పోయేటప్పుడు చెప్పులు ఇడుస్తావు కదా, వాటితో పాటు మీ నాయనను కూడా బయటే ఇడిసిపెట్టు.”

“చెప్పులైతే ఇడుస్తా సామీ. ఇది శానా కష్టం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. అంత తేలిగ్గా మళ్లీ ఎప్పుడైనా నవ్వానా?

వాళ్ల నాయన చేను నేను నిజంగానే చూశాను. ఆ ముందు ఏడాది ఖాసీం వాళ్ల ఊరికి తీసుకుపోయాడు. ఆయన మమ్మల్ని చేనంతా తిప్పి, నీళ్లు పడని బోర్లను ఒక్కొక్కటే చూపించాడు. పైన రాళ్లు కప్పి ఉన్నాయి. చుట్టాలను పరిచయం చేస్తున్నట్టు ఒక్కోదాని దగ్గరా ఆగి, దీనిది ఇదీ కథ అని చెప్పాడు. తర్వాత ఇంట్లో జొన్నరొట్టె, నంజుకోడానికి చెనిక్కాయల ఊరుబిండి పెట్టారు. నేను ఎక్కడ కూర్చోవాలో ఆయనే దుప్పటి దులిపి చూపించాడు. నన్ను అంత గౌరవంగా కూర్చోబెట్టిన ఇళ్లు తక్కువ. దాన్నీ మరిచిపోలేదు.

పరీక్షలో దాదాపు అదే ప్రశ్న వచ్చింది.

జవాబు నాకు తెలుసు. మొదటిది మాత్రమే బలమైనది. కానీ పెన్ను ఆగింది. రాళ్లు కప్పిన ఆ బోర్లు కళ్ల ముందుకు వచ్చాయి. రెండోది బలహీనమని జవాబు గడి దిద్దడానికి చెయ్యి రాలేదు. రెండూ బలమైనవే అని దిద్దాను. నియమం పక్కనపెట్టి ఒక మనిషి పక్షాన నేను నిలబడింది బహుశా అప్పుడొక్కసారే. ఖాసీం మాత్రం సరిగ్గా దిద్దాడు. నేను చెప్పినట్టే, వాళ్ల నాయనను బయటే వదిలి వెళ్లాడు.

ఆ సాయంత్రం బజ్జీల బండి దగ్గర అందరం జవాబులు సరిచూసుకుంటున్నాం. నాది తప్పని తేలింది. ఖాసీం నా భుజం మీద చెయ్యి వేసి, “ఏం అయ్యవారూ, నేను బయట ఇడిసిన చెప్పులు నువ్వు తొడుక్కోని పోయినావా?” అన్నాడు. బండివాడు కూడా నవ్వాడు.

మీ నాయన కోసమే తప్పు జవాబు దిద్దానురా అని అనొచ్చు కదా? అనలేదు. ఎందుకు అనలేదు? అంటే ఇంకా నవ్వుతారని. ఆ చెయ్యి తీసేసి గదికి వచ్చేశాను.

బోర్డు నుంచి ప్రాథమిక కీ, అంటే జవాబుల పట్టిక, వచ్చాక అభ్యంతరాలు పంపుకోవడానికి గడువు ఇచ్చారు. కీలో ఆ జవాబు సరైనదే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా కూర్చుని రాశాను. కాలువలు రాని ఊళ్లలో బోరు వేయడం అలవాటు కాదు, బతకడానికి మిగిలిన ఒకే దారి అని రాశాను. కాబట్టి రెండో వాదనను బలహీనమనడం అన్యాయమని రాశాను. ఆ మాటలు నావి కావు. ఆ బండ మీద కూర్చుని ఖాసీం అన్నవి. అప్పుడు నేను కొట్టిపారేసినవి. నేను రాసిన వాటన్నిటిలో చక్కగా కుదిరింది అదే, ఇప్పుడు చదివినా తప్పు పట్టలేను.

తుది కీలో ఆ ప్రశ్నను తీసేశారు. మార్కు ఎవరికీ లేదు, సరిగ్గా దిద్దినవాళ్లకు కూడా.

జాబితాలో ఖాసీం ఒక్క మార్కుతో బయట ఉన్నాడు. ఆ ఏడాదితో వాడి వయసు దాటిపోయింది. నాకూ రాలేదు. ఆ ప్రశ్న ఉన్నా లేకపోయినా నాకు వచ్చేది కాదు, అంత కింద ఉన్నాను. లాభం కోసం చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

వాడు గది ఖాళీ చేస్తూ, అభ్యంతరం పెట్టినోడు ఎవడో గానీ శానా తెలివైనోడప్పా అన్నాడు. కోపంగా కాదు, మెచ్చుకోలుగానే. నేను వాడి సంచి పట్టుకుని బస్టాండు దాకా పోయాను. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల ఆఫీసులో కుదిరాడు. ఇప్పటికీ అక్కడే. ప్రతి రంజాన్‌కూ ఫోన్ చేసి పిలిచేవాడు. ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి.

నేనిప్పుడు ఒక చిన్న కోచింగ్ సెంటర్లో ఇదే పాఠం చెబుతాను. పిల్లలకు వాదనలు విడదీసి చూపిస్తూ, లోపల నావి విడదీసుకుంటుంటాను. ఆ ప్రశ్న మీద ఇంకెవరైనా కూడా రాసి ఉండొచ్చు. బలహీనం, ‘ఉండొచ్చు’ మీద నిలబడింది. తీసేసింది బోర్డు, నేను కాదు. బలహీనం, అడిగింది నేనే. నేను రాసింది నిజమే కదా, వాళ్ల నాయనకు వేరే దారి లేదు కదా? దీని దగ్గర ఆగిపోతాను. రాసింది నిజమే. రాసిన కారణం నిజం కాదు. ఆ ముసలాయన కోసం రాసి ఉంటే అది ఖాసీంకు చూపించేవాణ్ణి. దాచాను. బజ్జీల బండి దగ్గర ఒక్క నిమిషం నవ్వినందుకు వాడికి ఇంత శిక్ష వేశాను, అదీ వాడి నాయనను అడ్డం పెట్టుకుని.

పోయిన నెల వాట్సాప్‌లో ఇదంతా వాడికి రాసి పంపాను. చదివాడు, నీలి గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. మొన్న రంజాన్ వచ్చింది, పోయింది. ఫోన్ రాలేదు.

చెప్పేశాక మాత్రం లోపల కొంత ఖాళీ అయింది. అన్నం రుచి తెలుస్తోంది. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

ఎవరో ఆఫీసరు జవాబు ఇవ్వకపోతే కోపం వస్తుంది, అంతే. ఇది వేరు. ఖాసీం, ఇది నీ దాకా వస్తుందో రాదో తెలియదు. క్షమించమని అడగడం లేదు, నాకు ఆ ముఖం లేదు. తిట్టాలంటే తిట్టు. నలుగురిలో నిలబెట్టి తిట్టు. ఇంక నీకూ నాకూ ఏమీ లేదంటే ఆ మాటే చెప్పు, వింటాను. గమ్మున మాత్రం ఉండొద్దు. రేపు మళ్లీ రాస్తాను, ఎల్లుండీ రాస్తాను, నా సంగతి నీకు తెలుసు. జవాబు చెప్పు.