అద్దం తుడిచిన కాగితం

మొన్న ఆదివారం కొత్తపేటలో అక్క ఇంటికి వెళ్లాను. బావ ఫొటోకు దండ మార్చాలి, ముందు అద్దం తుడవమంటూ పాత పేపరు ముక్క తడిపి చేతికిచ్చింది. ముందురోజే తుడిచిందట. అయినా రెండుసార్లు రుద్దేసరికి కాగితం నల్లబడింది. మట్టి కాదు, జిగటగా వేలికంటుకుని సబ్బుకు కూడా తొందరగా వదలని నలుపు. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేయి రాలేదు. ఇలాంటి కాగితాన్నే బావ ఒకప్పుడు నా ముఖం ముందు పెట్టి చూపించాడు.

బావకు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఫొటో ఫ్రేముల షాపు ఉండేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ముందు కిరాయి డబ్బాలో, తర్వాత షటరున్న గదిలో ముప్పై ఏళ్లు దేవుళ్లకూ పెళ్లిజంటలకూ పోయినవాళ్లకూ చెక్క బద్దలు కోసి అద్దాలు బిగించాడు. షటరు పక్కన బయటి గోడకు నిలువెత్తు అద్దం ఒకటి ఉండేది. కోచింగు సెంటర్లకు పోయే పిల్లలు అందులో చూసుకుని తల దువ్వుకునేవారు. బావ కసిరేవాడు కాదు, ర్యాంకు వచ్చాక ఫొటోకు ఫ్రేము ఇక్కడే కట్టించాలని మాట తీసుకునేవాడు. ఉదయం షాపు తెరవగానే ఒకసారి, రాత్రి మూసేముందు ఒకసారి ఆ అద్దాన్ని తడి పేపరుతో తుడిచేవాడు. బట్టతో తుడిస్తే గీతలు పడతాయని ఆయన నమ్మకం. మెట్రో స్తంభాలు లేస్తున్న ఏళ్లలో మధ్యాహ్నానికే అందులో మనిషి కనిపించేవాడు కాదు. ఆ పని అయిపోయాక కళ్లకు కనిపించే దుమ్ము తగ్గింది, కనిపించనిది మిగిలింది. డివైడరు మీది మొక్కలు వాన పడేదాకా సిమెంటు రంగులోనే ఉండేవి.

నేను పదో తరగతితో ఆగినవాణ్ని. మందుల గోడౌనులో పని. సాయంత్రాలు మాత్రం లైబ్రరీలో గడిపేవాణ్ని, అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదని నలుగురికీ చెప్పుకునేవాణ్ని. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా నన్ను అడిగేవారు. అడగకపోయినా చెప్పేవాణ్ని. బావకు దగ్గు పట్టుకుని, మెట్లెక్కితే ఆయాసం మొదలైనప్పుడు, ప్రకృతి వైద్యం మీద అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తెచ్చాను. సూర్యుడు రాకముందు గాలి అన్నిటికంటే శుభ్రంగా ఉంటుందని, దాన్ని రొమ్ము నిండా పీల్చాలని అందులో ఉంది. ఆ కార్తీకంలోనే తెల్లవారుజామున ఆయన్ని లేపి, కొత్తపేట నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా మెట్రో కింద నడిపించడం మొదలుపెట్టాను. అక్కడ విజయవాడ బస్సులు ఇంజన్లు ఆపకుండానే జనం కోసం ఆగి ఉండేవి. రోడ్డు ఊడ్చేవాళ్లు కుప్పలకు నిప్పుపెట్టి చలి కాచుకునేవారు. వాటి మధ్య ఆయన్ని నిలబెట్టి, గట్టిగా పీల్చు, ఇంకా గట్టిగా, అనేవాణ్ని.

పది రోజులు కాకముందే బావ రెండు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. వీధి దీపం కింద రెండూ విప్పాడు.

"ఇది మాపటికి షాపు బంద్ జేసేటప్పుడు తుడిచింది. ఇది పొద్దుగాల తుడిచింది. ఏది నల్లగున్నది జూడు బామ్మర్దీ."

ఉదయానిదే నల్లగా ఉంది. రాత్రంతా పేరుకుంటుంది కదా, అందుకే, అన్నాను.

"పగటీలి గూడ గంతసేపే పేరుకుంటది గద. బండ్లు పగలే గద ఎక్కువ తిరిగేది."

దానికి నా దగ్గర పుస్తకం ఉంది. "అచ్చయిన మాట కన్నా నీ అద్దానికి ఎక్కువ తెలుసా బావా?" అన్నాను. ఆయన నవ్వి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని నడిచాడు. అలా రెండు చలికాలాలు నడిచాం.

రెండో చలికాలం చివర బావకు ఊపిరి అందకపోతే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరుగారిది కోస్తా వైపు. ఎక్స్‌రే చూసి, ఏం పని చేస్తారు, ఎక్కడ ఉంటారు అని ఒక్కొక్కటే అడుగుతూ ఉదయపు నడక దగ్గర ఆగారు. చలికాలంలో పొగ, సన్నదుమ్ము పైకి పోలేక ఎండ వచ్చేదాకా నేలను పట్టుకునే ఉంటాయని వివరించి, "తెల్లారకుండా ఆ రోడ్డు మీద నడవమని మీకెవరు చెప్పారండీ?" అన్నారు.

నేను బల్ల మీది పెన్ను స్టాండు వైపు చూశాను.

"ఎవ్వరు చెప్పలే సార్," అన్నాడు బావ. "నాకే అలవాటు."

బయటికొచ్చాక మెట్ల మీద ఊపిరి కోసం ఆగి, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "గా పుస్తకం రాసిన నాడు గీ రోడ్డు ఉన్నదా బామ్మర్దీ?"

మర్నాడు లైబ్రరీకి వెళ్లి అది ఏ సంవత్సరంలో అచ్చయిందో చూశాను. అట్టతో పాటే ఆ పేజీ కూడా ఊడిపోయింది.

బావ ఆ మరుసటి చలికాలం దాటలేదు. ముప్పై ఏళ్లు ఆ రోడ్డు చేసిన పనికి రెండు చలికాలాలు నేను సాయం పట్టాను. అక్కకు ఈ సంగతి తెలియదు. తన మొగుణ్ని చేయి పట్టుకుని నడిపించింది తమ్ముడేనని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. మొన్న కూడా పక్కింటావిడకు చెబుతూనే, నా చేయి ఆగిపోవడం చూసి, "జర గట్టిగ రుద్దు తమ్మీ," అంది.

రుద్దాను. ఆ నలుపు ఏమిటో తెలుసుకోవడానికి బావకు పది రోజులు పట్టింది. అన్ని పుస్తకాలు చదివిన నాకు, ఆయన ఈ ఫొటో అద్దం వెనక్కి వెళ్లిపోయేంత కాలం పట్టింది.