దట్టీల బొంత

పాఠక మహాశయులకు మిక్కిలి విచారంతో విన్నవించుకునేది ఏమంటే, మా ఆత్మకూరులో పీర్లను ఎత్తే ముజావర్ తాత పోయిన వారం కాలం చేశాడు. విచారం అన్నాను గాని, హైదరాబాదులో నా హాస్టలుకు కబురు తెచ్చిన మా ఊరి మనిషి చెప్పింది వింటే గుండె తేలికైంది. పొద్దున చాయ తాగి, మేకకు ఆకు వేసి, ఎండకు కాళ్లు చాపి గోడకు ఆనుకున్నాడట. మళ్లీ లేవలేదట. దవాఖానాకు మోసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు. ఆయన మొదటి నుంచీ మొహమాటస్తుడు.

పీర్ల పండుగ వస్తే హిందువులనీ తురకలనీ లేకుండా ఊరంతా పీర్ల కొట్టం ముందు చేరేది. కొత్త బట్టలు, అంటే దట్టీలు కట్టిన పీర్ల ముందు రొట్టెలు బెల్లంతో నలిపిన మలీద పెట్టి, కోరుకునేదేదో మొక్కుకునేవారు. పెద్దల మొక్కుల్లో తాత తలదూర్చేవాడు కాదు. వాన, పంట, కొడుకు పెళ్లి, ఇవన్నీ పీరుకూ వాళ్లకూ మధ్య వ్యవహారం. నెమలీకల కట్టతో నెత్తిన తట్టి పంపేవాడు. పిల్లల మొక్కులకు మాత్రం కచేరీ పెట్టేవాడు.

గొర్లకాపరుల పిల్లవాడొకడు గద్వాల రాజునవుతానని మొక్కాడు. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.

“అయితువు తియ్యి. రేప్పొద్దున లేచి ఏం చేస్తవ్?”

వాడు దుమ్ము కొట్టుకున్న తన కాళ్లు చూసుకున్నాడు. “తానం చేస్త.”

“రాజుకు ముందుగాల గదే పని. పో.”

ఆ జవాబు వచ్చేదాకా పిల్లలు తెచ్చిన గుడ్డపీలికను పీరుకు కట్టేవాడు కాదు. మరుసటి ఏడు పండుగకు మళ్లీ వచ్చి, ఏడాదంతా ఏం చేశామో చెప్పుకోవాలి. ఏమయ్యావని అడగడు. ఏం చేసినవ్ అనే అడుగుతాడు. తర్వాత నేను రాసిన పరీక్షలేవీ నన్ను అంతగా భయపెట్టలేదు.

ఇక నా సంగతి. పలక పట్టిన ఏడాదే నేను పహిల్వాన్‌నవుతానని మొక్కి పచ్చ పీలిక కట్టించుకున్నాను. అప్పటి నా ఆకారాన్ని వర్ణించడం మర్యాద కాదు. తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాదు నన్ను చూసి, ముందు అన్నం పెట్టి పంపించమన్నాడు. అమ్మ మాత్రం ఆ మొక్కును ప్రాణంగా పట్టుకుంది. నాకంటే ముందు పుట్టినవాడు దక్కలేదు. నేను దక్కింది పీర్ల దయ వల్లనేనని ఆమె నమ్మకం. అందుకని రోజూ తెల్లవారకముందే లేపి, పచ్చి గుడ్డు మింగించి తాలీంకు తోలేది. నేను వెళ్లి, శ్రద్ధగా కింద పడి వచ్చేవాడిని. ప్రతి పండుగకూ అమ్మ వెనకే నిలబడేది గనుక ప్రతి పండుగకూ నేను పహిల్వాన్‌నే.

కొన్నేళ్లకు బడిలో మా సారు, వీణ్ని వనపర్తి పెద్ద బడికి పంపండి, చదువు వస్తుందని చెప్పాడు. నాకు ఆశ పుట్టింది. అమ్మ ససేమిరా అంది. ఆమెకు చదువు మీద కోపం లేదు. మొక్కు తప్పితే నేనుండనని భయం. మా నాయన, సారు ఎంత చెప్పినా ఆ భయం పోలేదు. అంతలో పండుగ వచ్చింది.

“ఈ ఏడు ఏం చేసినవ్?” అన్నాడు తాత.

“తాలీంకు పోయిన. రోజు కింద పడ్డ.”

“పడి?”

“లేచిన.”

“మల్ల పోతవా?”

నేను వెనక్కి చూడలేదు. “పోను తాతా. వనపర్తికి పోయి సదువుకుంట.”

అమ్మ మలీద గిన్నె కింద పెట్టి ముందుకొచ్చింది. “వానికి తెల్వదు మామా. పీరు ముంగట అన్న మాట అది. తప్పితే నా పోరడు నాకు దక్కడు.”

తాత లేచి పీరుకున్న నిరుటి దట్టీలూ పీలికలూ విప్పసాగాడు. ఏటా చేసే పనే. విప్పినవన్నీ తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టాడు.

“బిడ్డా, పీరుకే ఏటేట బట్ట మారుస్తం. ఎన్నడన్న కోపం చేసిండా? చెప్పకుండ ఇడిసిపెడితె తప్పు. ఎదురుంగ నిలబడి చెప్పి మార్చుకుంటె తప్పెట్లయితది?”

“నా పోరనికి ఏం కాదు గద?”

“ఏం కాదు. సదువుకుంటె కండ్లు జర మసకవడతయి, గంతే.”

అమ్మ ఊపిరి వదిలింది. నేను పుట్టినప్పటి నుంచీ బిగపట్టుకున్న ఊపిరిలా ఉంది అది. తాత నా వైపు తిరిగి, రేప్పొద్దున ఏం చేస్తావన్నాడు. మూట కట్టుకుంటానన్నాను. కొత్త పీలిక కట్టాడు.

విప్పిన పీలికలను ఆయన పారేసేవాడు కాదు. తొక్కితే పాపం, పారేస్తే పాపం, కప్పుకుంటే పాపమెట్లవుతుందని వాదించి, వాటన్నిటినీ కలిపి బొంత కుట్టుకున్నాడు. యుద్ధం రోజుల్లో, బట్ట రేషను కంట్రోలు మీద కూడా సరిగా దొరకనప్పుడు, ఊరంతా ఆ బొంతను చూసి కుళ్లుకుంది. మేము వదిలేసిన రాజ్యాలూ, కుస్తీలూ, మోటారు డ్రైవరీలూ కప్పుకుని ఆయన హాయిగా నిద్రపోయేవాడు. ఆ తర్వాత నేను పత్రిక పెడతానన్నాను, వకీలునవుతానన్నాను. ప్రతిసారీ వెళ్లి చెప్పాను. ప్రతిసారీ బొంత కొంత పెరిగింది.

మొన్న ఊరికి పోయేసరికి, కొత్తకోట నుంచి వచ్చిన తాత కూతురు ఆ బొంతను అమ్మకిచ్చి వెళ్లింది. అమ్మ దాన్ని ఉతికి మా గోడ మీద ఆరేస్తోంది. నా మనసులో మళ్లీ ఒక మార్పు ఉంది. లా చదువు మానేసి ఏదైనా పల్లెలో బడి పెడదామని. ఎవరికి చెప్పుకోవాలో తెలియక నిలబడ్డాను.

అమ్మ నా మొహం చూసి, బొంత అంచు లాగి సరిచేస్తూ అంది:

“మల్ల మార్చినవా? సరే తియ్యి. రేప్పొద్దున లేచి ఏం చేస్తవ్?”

గాలికి బొంత లేచింది. నడుమ ఎక్కడో నా పచ్చ పీలిక, వెలిసిపోయినా, ఊడలేదు.