అత్త ఊ కొట్టని చోటు

మీసం మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే రేపటికల్లా ఈ మీసం రాలిపోవుగాక.

భోగాపురంలో విమానాశ్రయం పనులు జోరుగా సాగుతున్న ఏడాది అది. విజయనగరంలో కొత్త రచయితల కథలు బాగుచేయడం నా వృత్తి. నా పనిముట్టు ఒక్కటే: 'ఊ'. రాసినవాళ్లు పైకి చదువుతారు, ఎదురుగా ఒకరు ఊ కొడతారు. ఊ ఆగినచోట కథ విరిగిందని లెక్క.

సాలూరు నుంచి సత్యవతి వచ్చింది. తన అత్త పైడమ్మ మీదే కథ రాసింది. ఆ అత్త మొదటి పేజీలో ఎంత గయ్యాళో, చివరి పేజీలోనూ అంతే.

"క్యారెక్టర్ ఆర్క్ లేదమ్మా" అన్నాను. అంటే కథ ముగిసేసరికి మనిషిలో వచ్చే మార్పు. "చివర్లో అత్త ఏడ్చి, కోడల్ని క్షమించమని అడగాలి."

"మా అత్తేటి, ఏడవడమేటి సారూ!" అని నవ్వింది. అయినా రాసుకుంది. "ముందు ఆవిడికి సదివి ఇనిపిస్తాను. కాదంటే పొయ్యిలో ఎట్టేస్తాను. ఒకే ఇంట్లో బతకాలి కదా."

ఆ ఆదివారం నేనూ సాలూరు వెళ్లాను. పైడమ్మ మంచం మీద కూర్చుని ఊ కొట్టడం మొదలుపెట్టింది. కోడలి వంటకి వంకలు పెట్టిన చోట ఊ. పుట్టింటికి పంపనన్న చోట ఇంకా గట్టిగా ఊ. వీధిలో వెళుతున్న లారీ డ్రైవరు వెనక ఎవరో హారన్ కొట్టారనుకుని పక్కకి తప్పుకున్నాడు.

నా ముగింపు వచ్చింది. ఊ ఆగిపోయింది.

"ఒసే, నానెప్పుడు ఏడిసినానే?"

"కత కోసం అత్తా... సారు సెప్పారు."

"ఆ సారు మనింట్లో ఉన్నాడేటి?"

నేను గోడమీది బల్లిని శ్రద్ధగా చూడసాగాను. కథ పొయ్యి దారి పట్టినట్టే అనుకున్నాను. సత్యవతి మాత్రం ఆ చివరి కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, అత్త మొహంలోకి చూస్తూ అప్పటికప్పుడు చెప్పింది:

"అత్త మారనేదు. ఈ పొద్దు కూడా పులుసులో ఉప్పు నేదని అరిసింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ అరుపుకి కోడలు పెరట్లోకెల్లి ఏడిసేది. ఇప్పుడు ఆ అరుపంతా రాసి, అత్త ఎదరే కూకుని సదువుతన్నాది."

తర్వాత పైడమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ "ఊ" అంది.

కథ అలాగే అచ్చయింది. సత్యవతీ, ఎంత ధైర్యమమ్మా నీదని ఇప్పటికీ తలుచుకుంటాను. అప్పటినుంచి నా దగ్గరికి ఏ కథ వచ్చినా, మారని మనిషి పక్కన ఎవరు మారారో ముందు వెతుకుతున్నాను.

ఇక మీసం రాలకముందే ఒప్పుకుంటాను. హారన్ సంగతి మీరెలాగూ కనిపెట్టేసి ఉంటారు. కొంగుతో కళ్లొత్తుకోవడం కూడా నేను అల్లిందే. ఆవిడ కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఊ" అని, వెంటనే "అన్నం ఎట్టే, ఆకలేస్తన్నాది" అంది.

ఎలాగైనా ఆవిడని ఏడిపించాలన్న నా బుద్ధి మాత్రం ఇంకా మారలేదు.