పంతొమ్మిది, పదిహేడు దగ్గర ఆగిన ఆట

"చేతిలో ఆట ఉంది, గుండెలో లేదు" అనే మాట గోదావరిఖనిలో ఉపేందర్ మీద పడి ఇరవై ఐదేళ్లయింది. మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. అన్నవాళ్లంతా రిటైరై ఊళ్లకు పోయారు గానీ, మాట మాత్రం బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలోనే ఉండిపోయింది. కార్మికుల షటిల్ పోటీల్లో వరసగా మూడేళ్లు ఫైనల్‌కు వచ్చి మూడుసార్లూ ఓడినవాడికి అంతకంటే మంచి బిరుదు ఎవరిస్తారు? నలభై ఎనిమిదేళ్ల వయసులో కూడా ఆ మాట గుర్తొస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలాంటిది, అదే మాట ఈసారి టైపు కొట్టిన కాగితం మీద, కింద ముద్రతో సహా, బిడ్డ పేరున ఇంటికి వచ్చింది.

బిడ్డ పేరు హర్షిణి, పద్దెనిమిదేళ్లది. నాలుగేళ్లుగా హైదరాబాదులో ఒక అకాడమీలో ఉండి ఆడుతోంది. పోయిన నెల దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ల మధ్య ర్యాంకింగ్ పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లింది. అది గెలిస్తే జాతీయ శిబిరానికి పిలుపు ఖాయం. చెరో గేమూ గెలిచాక మూడో గేములో ఈమెకు పంతొమ్మిది, అవతలి పిల్లకు పదిహేడు. ఇంకో రెండు పాయింట్లు చాలు. అప్పుడు నెట్ దగ్గర ఒక షటిల్ అందుకోబోయి హర్షిణి ఆగింది. వంగి కుడి మోకాలు పట్టుకుంది. లేచి అటూ ఇటూ రెండడుగులు వేసి చూసుకుంది. నేరుగా అంపైర్ దగ్గరికి వెళ్లి ఇక ఆడనని చెప్పి, అవతలి పిల్లతో చెయ్యి కలిపి, బయటికి నడిచింది.

ఏడవలేదు, కింద పడలేదు, కనీసం కుంటలేదు. తర్వాత దవాఖానలో స్కాన్ తీస్తే ఏదీ తెగలేదని, కాస్త వాపు మాత్రం ఉందని తేలింది. అది చాలు జనానికి. కాలు విరగ్గొట్టుకుని ఏడ్చి ఉంటే అయ్యో అనేవాళ్లే. నిటారుగా నడిచి వచ్చింది కాబట్టి దొంగైపోయింది. ఆమె అలా నడిచి వచ్చిన వీడియో కాలనీలో ప్రతి ఫోనూ తిరిగింది. "ఉపేందరన్న బిడ్డనే గద, ఆ రక్తం ఏడికి పోతది" అని క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ నవ్వుకున్నారు. ఆ నవ్విన నోళ్లలో ఒక్కటైనా జన్మలో రాకెట్ పట్టిన మనిషిది కాదు.

ఇక అకాడమీ పంపిన ఆ కాగితం సంగతి. "నేను భయపడి ఆట మధ్యలో వదిలేశాను. నా మనసు బలహీనమైనదని ఒప్పుకుంటున్నాను. ఆరు నెలలు మానసిక శిక్షణ తీసుకుంటాను, అంతవరకు ఏ పోటీలోనూ ఆడను" అని ఉంది అందులో. కింద ఆటగత్తె సంతకం, తండ్రి సంతకం. ఆదివారంలోగా సంతకాలు పెట్టి తెస్తే సీటు ఉంటుంది, లేకపోతే పోతుంది.

అది చదివి ఉపేందర్ ఎవరి మీద లేవాలి? రాసినవాడి మీద లేవాలి. ఆయన లేచింది బిడ్డ మీద.

"రెండు పాయింట్లే! రెండు పాయింట్లకు పానం పోతుండెనా? పిరికిదానివి! నా పరువంతా తీసినవ్!" అని నోటికొచ్చినట్టు అరిచాడు. పోటీ అయ్యాక ఇంటికి వచ్చి ఉన్న హర్షిణి తలుపుకు ఆనుకుని నిలబడి విన్నది. అంతా అయ్యాక లోపలికి వెళ్లి మోకాలికి మంచుగడ్డ పెట్టుకుని కూర్చుంది.

ఆయన భార్య మమతకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "నీ ఓటమంతా తీస్కచ్చి పొల్ల నెత్తిన పెడతవా? నువ్వు ఓడితే ఎవడన్న నిన్ను ఇట్ల ఒర్రిండా? నేనన్ననా ఎన్నడన్న?" అని అడిగింది. అనలేదు, నిజమే. ఆ నిజం వల్ల ఆయనకు కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు అకాడమీ పెద్ద కోచ్ పవన్‌కుమార్ ఫోన్ చేశాడు. మాట మహా మెత్తగా ఉంటుంది ఆయనది. "ఉపేందర్ గారూ, మీ అమ్మాయిది దేవుడిచ్చిన చెయ్యండీ. నేర్పితే వచ్చేది కాదు. కానీ ఈ స్థాయికొచ్చాక అంతటి చెయ్యి అందరికీ ఉంటుంది. గెలిపించేది మనసు. మీ అమ్మాయి పాయింట్ గెలిచినా ఒక్క అరుపు అరవదు, పిడికిలి బిగించదు. ఆ కసి ఇంటి వాతావరణం నుంచి రావాలండీ. మీ వైపు నుంచి అది లేదు, ఏం చేస్తాం?"

"అవును సార్. చెప్త సార్" అన్నాడు ఉపేందర్. ఫోన్ పెట్టేశాక ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ బకెట్‌ను కాలితో తన్నాడు. అది వెళ్లి గోడకు తగిలి పగిలింది.

దేవుడిచ్చిన చెయ్యట! దేవుడు ఏ షిఫ్టులో వచ్చి ఇచ్చాడో ఆ కోచ్ చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్లను చేయి పట్టుకుని కార్మికుల హాలుకు తీసుకెళ్లింది ఉపేందర్. రాత్రి షిఫ్టు దిగి, కళ్లలో నిప్పులు పోసుకున్నట్టుంటే నీళ్లు చల్లుకుని, పొద్దున ఆరింటికి హాలు తాళం తీసింది ఉపేందర్. ఆయనకు కోచింగ్ రాదు. ఏ పుస్తకమూ చదవలేదు. తనకు తెలిసిందల్లా బొగ్గుబాయిలో చప్పుడు విని చేసే పని. అందుకే ఆ పని నేర్పినట్టే ఆట నేర్పాడు. పిల్లను గోడ వైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి షటిల్ కొట్టి, గట్టిగా కొట్టానా, మెల్లగా తాకించానా, సప్పుడు విని చెప్పమనేవాడు. సంవత్సరం తిరిగేసరికి ఆ పిల్ల వందకు తొంభైసార్లు తప్పు లేకుండా చెప్పేది. ఇప్పుడు అవతలివాళ్లు స్మాష్ కొడతారో డ్రాప్ వేస్తారో కంటికంటే ముందే ఆమె చెవికి తెలుస్తుందంటే, అది ఆ పొద్దుల కష్టం. అరవకపోవడం కూడా అక్కడిదే. అరిచేవాడికి చప్పుడు వినపడదు. ఆ కష్టమంతా దేవుడి ఖాతాలో వేసి, లోటు మాత్రం ఇంటివాళ్ల ఖాతాలో వేశాడు ఆ మహానుభావుడు. అయినా ఉపేందర్ అవును సార్ అన్నాడు. ఆ మాట అన్నందుకు తనను తాను తిట్టుకుంటూ శుక్రవారం మొదటి షిఫ్టుకు పోయాడు.

ఉపేందర్ బాయిలో సర్దార్. మనుషులు పని చోట అడుగుపెట్టే ముందు వెళ్లి, చేతికర్రతో పైబండను కొట్టి, విని, బాగుందంటేనే లోపలికి పంపడం ఆయన పని. బండ గట్టిగా ఉంటే కర్ర ఖంగుమంటుంది. లోపల పొర విడితే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా పలుకుతుంది. ఆ శుక్రవారం ఒక మలుపు దగ్గర రెండుసార్లు కొట్టి చూశాడు. మూడోసారీ కొట్టి, కర్ర దించాడు.

"అందరు ఎన్కకు నడువుండ్రి" అన్నాడు.

"నిన్న మంచిగనే ఉండె గదనే" అన్నాడు బిక్షం. పదేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న మనిషి. "బండకు ఇంత సపోర్టు పెట్టి పని నడిపిద్దాం."

"నడువుమన్న గద!"

దారికి అడ్డంగా కంచె కట్టించి మనుషులందర్నీ వెనక్కి తెచ్చాడు. గంటన్నరకు షిఫ్టు పైఅధికారి, ఓవర్‌మన్, కోపంతో ఊగిపోతూ దిగివచ్చాడు. "పడ్డదా?" అని అడిగాడు.

"పడలే."

"ఎప్పుడు పడ్తది?"

"నాకేమెరుక?"

"ఎరుక లేనిదానికి షిఫ్టు బొగ్గంత ఆపినవా? బుగులు వట్టిందా నీకు?" అన్నాడు ఓవర్‌మన్, అందరూ వింటుండగా. బిక్షం మొహం తిప్పుకుని నవ్వాడు.

ఉపేందర్ ఒంటికాలి మీద లేచాడు. "పడ్డంక ఆపుడు ఎవనికైనా వస్తది! సప్పుడు మారిందంటే మనుషులను తియ్యాలె, గంతే. పడకుంటె మంచిదే. పడకుంటె నేను పిరికోన్నయితనా?" అన్నాడు.

అన్నాక ఆ మాట తన చెవికే తగిలింది. ఓవర్‌మన్ ఇంకా ఏదేదో తిడుతున్నాడు గానీ, ఉపేందర్‌కు ఒక్క ముక్కా ఎక్కలేదు. చప్పుడు మారితే ఎవడేమన్నా ఆగాలని చిన్నప్పుడు హర్షిణికి చెప్పింది తనే. ఒకసారి కాదు, చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. చెప్పినట్టే ఆగినందుకు పిరికిదానివన్నాడు. పనంతా చెవి మీద నడిపే సర్దార్, స్కాన్ చూసి, వీడియో చూసి, కోచ్ మాట విని తీర్పు చెప్పాడు. బిడ్డకు ఏం వినపడిందో మాత్రం అడగలేదు.

అన్నట్టు, ఆ బండ ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు. ఓవర్‌మన్ ఆ సంగతి కలిసిన ప్రతివాడికీ చెప్పాడు.

ఇంటికి రాగానే ఉపేందర్ చెప్పులైనా విప్పకుండా బిడ్డ ముందు కూర్చున్నాడు. "ఆనాడు ఏమైంది బిడ్డా?" అన్నాడు. అది జరిగి పద్నాలుగు రోజులైంది. ఆ ప్రశ్న అడగడానికి ఆ ఇంట్లో, ఆ అకాడమీలో, ఆ కాలనీలో అన్ని రోజుల్లో ఒక్కరికీ నోరు రాలేదు.

"మోకాల్ల సప్పుడు వచ్చింది బాపు" అంది హర్షిణి. "కాలు పెట్టి చూసిన, రెండుసార్లు. పెట్టినప్పుడల్లా లోపట ఏందో జరిగినట్టయింది. తర్వాతి షాట్‌కు మల్ల ముందుకు దుంకాలె. దుంకితే ఆట గెలుద్దునేమో. కాలు ఉంటుండెనో లేదో తెల్వదు."

"మరి ఏడ్వనన్న ఏడ్వకపోతివి."

"ఏడిస్తే నమ్ముతుండిరా?" అంది హర్షిణి. "ఆ రెండు పాయింట్లు నాకు వద్దనుకున్నరా అందరు? ఉరుకుడే అల్కగుండె బాపు. ఆగుడే కష్టమైంది."

ఆదివారం పొద్దున్నే తండ్రీ బిడ్డా రైలెక్కారు. పవన్‌కుమార్ గదిలో కూర్చోమని చూపించి, సంతకాల కోసం చెయ్యి చాపాడు. ఉపేందర్ దారంతా పళ్లు నూరుకుంటూ ఏమేం తిట్టాలో కూడబలుక్కుని వచ్చాడు. కానీ ఆయన నోరు తెరిచేలోపే హర్షిణి సంతకం లేని ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"నేను భయపడి దిగలే సార్. మోకాలు బాగలేదని దిగిన. అట్ల రాసియ్యుండ్రి, సంతకం పెడత. ఆర్నెల్లు కాదు, ఏడాది ట్రైనింగన్న చేస్త."

"రూల్ అందరికీ ఒకటేనమ్మా. మాట మార్చడం కుదరదు."

"అయితే నేను పెట్ట." ఆమె లేచి నిలబడింది. "మీరు చూసింది వీడియో. మోకాలు నాది. నా లోపట ఏమైందో మీరెట్ల రాస్తరు? నాకు దిల్ లేదని నాతోనే ఎట్ల రాయిస్తరు?" గొంతు పెరిగింది. బయట కోర్టుల్లో ఆడుతున్నవాళ్లు ఆట ఆపి ఇటు చూశారు.

పవన్‌కుమార్ చప్పట్లు కొట్టాడు. నిజంగానే, రెండు చేతులతో. "ఇదిగో! ఈ కోపమే నేను కోర్టులో చూడాలనుకున్నది! చూశారా ఉపేందర్ గారూ, ఒక్క కాగితంతో లోపలి కసి బయటికి తెచ్చాను. ఇంకేం, సంతకం పెట్టమ్మా, మొదలుపెడదాం" అన్నాడు.

ఆ క్షణంలో ఉపేందర్ చెయ్యి లేవకపోవడమే గొప్ప. బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాడు. "సార్, నా బిడ్డ చెయ్యి దేవుడిచ్చిండన్నరు. కోపం మీరిచ్చిన్రంటున్నరు. ఇగ ఆ పొల్లకు సొంతంగ ఏం మిగిలింది సార్?" అన్నాడు. కోచ్ గడియారం చూసుకున్నాడు. గంటలో హాస్టల్ గది ఖాళీ చేయించారు. నాలుగేళ్ల బతుకు రెండు బ్యాగుల్లో పట్టింది.

తిరుగు రైల్లో ఉపేందర్ నోరు ఆగలేదు. సీటు పోయిందన్న బాధ ఒకవైపు, బిడ్డ నిలబడిన తీరు ఒకవైపు. కాజీపేట దాటిందాకా అదే మాట్లాడాడు. "దిల్లంటే గట్లుండాలె బిడ్డా! వాని మొఖం సూసినవా? ఇంకో అకాడమీ సూద్దాం. లేకుంటె మన హాలే ఉన్నది. రేపటిసంది మల్ల నేనే..."

"బాపు, ఊకో" అంది హర్షిణి.

ఆయన ఆగాడు.

"సార్ రాసిండు. నేను సంతకం పెట్టలే. అది అక్కడనే పోయింది. నువ్వు గూడ పిరికిదానివన్నవ్. దానికి సంతకం అక్కర్లేదు గద. అది యాడ పోతది?"

"కోపంల అన్న బిడ్డా."

"కోపం నాకు గూడ వస్తది. నువ్వు మూడుసార్లు ఓడినవని ఊరంత అంటది. నేను ఎన్నడన్న అన్ననా?"

ఎదుటి సీట్లో కూర్చున్న ముసలావిడ కళ్లు కిటికీ వైపు తిప్పుకుంది.

"రేపు హాలుకు నేనొక్కదాన్నే పోత. నువ్వు రాకు. నేను పిలిచిననాడు రా" అంది ఆమె, నెమ్మదిగానే.

రామగుండంలో దిగాక ఆయన బ్యాగుల కోసం చెయ్యి చాపేసరికే ఆమె రెండూ భుజాలకు తగిలించుకుని ఆటోల వైపు నడిచింది. మర్నాడు పొద్దున ఆరింటికి మోకాలికి పట్టీ కట్టుకుని ఒక్కతే వెళ్లింది. ఉపేందర్ తయారై, బూట్లు వేసుకుని, ఇంట్లో కుర్చీలో కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజూ అలాగే కూర్చుంటున్నాడు. పదకొండు రోజులైంది, ఇంకా పిలవలేదు.