ఉమ్మి రాని ప్రాక్టికల్స్

ఆ రోజుల్లో మా మెట్‌పల్లిలో ఆడపిల్ల ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే చాలు, వాడకట్టంతా అప్పుడే "డాక్టరమ్మ" అని పిలవడం మొదలుపెట్టేది. (కప్పను చూస్తే బల్లెక్కే డాక్టరమ్మను నేను.) మరమగ్గాలు నడిపే మా బాపుకు మాత్రం ఈ డాక్టరమ్మ మీద నమ్మకం తక్కువ. "గీసారి తప్పినవనుకో, సదువు బంద్. మీ అవ్వతోని కూసోని కండెలు చుట్టుడే" అనేవాడు. అమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టడం తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

ప్రాక్టికల్స్ రోజు నాకు వచ్చింది తేలికైన ప్రయోగమే. మన ఉమ్మిని గంజిలో కలిపి, కాసేపు గోరువెచ్చగా ఉంచి, అయోడిన్ చుక్క వేయాలి. నీలం రంగు రాకపోతే ఉమ్మి గంజిని చక్కెరగా మార్చేసినట్టు. అందరూ హాయిగా ఉమ్ముతున్నారు. నాకు మాత్రం ఒక్క చుక్క రాదు! పరీక్ష పెట్టడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన మీసాల సారును చూసి నోరు పిడచకట్టుకుపోయింది. పక్కనే నా దోస్తు (అన్నం డబ్బాలో రోజూ తొక్కు పచ్చడి తెచ్చేది కాబట్టి 'తొక్కుపిల్ల') తన గాజుగొట్టం చూపిస్తూ, "నాది తీస్కోవే, మస్తున్నది" అంది ఉదారంగా.

"సారు చూస్తుండు పిల్లా!"

"అయితే కండ్లు మూస్కో. మీ అవ్వ నూరిన చింతకాయ తొక్కు యాది చేస్కో. ఎల్లిపాయలు దంచేసింది... ఉడుకుడుకు బువ్వల కలిపింది... జర నాలిక మీద పెట్టుకున్నవ్..."

నా నోరు ఊటబావి అయింది. గొట్టంలో ఉమ్మానో లేదో, వెనక 'గుటుక్'మని చప్పుడు. చూస్తే మీసాల సారు గుటక మింగుతున్నాడు!

"నోట్లె ఏం లేకుండనే ఉమ్మి ఎట్లొచ్చిందమ్మా?" అన్నాడు గంభీరంగా.

"తొక్కు యాదికొస్తే మెదడు నరాలకు కబురు వెడ్తది సార్. నరం కొసకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఊరుతది. గది తగిలితే ఉమ్మి గ్రంథి పనిజేస్తది."

"మరి గింతసేపు ఎందుకు రాలే?"

"మిమ్ముల చూసి, సార్."

నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. అయోడిన్ వేస్తే గంజి నీలం కాలేదు. సారు మీసం కింద నవ్వు దాచుకుంటూ మార్కులు వేసి, తొక్కుపిల్ల దగ్గర ఆగి మెల్లగా అడిగాడు. "ఇయ్యాల డబ్బా తెచ్చినవా?"

ఇప్పుడు ఆ ప్రయోగమే నేను పిల్లలకు చెబుతున్నాను. బోథ్‌లో కాపురముంటున్న తొక్కుపిల్ల ఫోన్ చేసినప్పుడల్లా, "నీ నౌకరి నా తొక్కు పుణ్యమేనే" అంటుంది. కాదనను. ఇది రాస్తూ కూడా గుటకలు వేస్తూనే ఉన్నాను. మోకాళ్ళకు వయసొచ్చింది గానీ, ఆ నరాలకు ఇంకా రాలేదు.