నలుచదరం గిట్టని తిమ్మయ్య

గుండ్రంగా లేనిదేదీ తిమ్మయ్య కంటికి ఆనదు. బేతంచెర్లలో ఈ సంగతి తెలియనివాడు లేడు. అందుకే ఆయన మీద అంత తేలిగ్గా నింద పడింది.

అప్పట్లో తిమ్మయ్య కేశవయ్య శెట్టి గనిలో నాపరాళ్లు నలుచదరంగా కోసేవాడు. ఒకరోజు లారీ డ్రైవరు బొజ్జన్న రాళ్లేసుకుని పోతూ బండిని దారిపక్క వాగువంకలో దించేశాడు. మూలలు పగిలాయి. శెట్టి నిలదీస్తే, తిమ్మన్నే మూలలు అరగదీసి పంపినాడని చెప్పాడు. ఇంకెవరి పేరు చెప్పినా శెట్టి విచారించేవాడే. తిమ్మయ్య పేరు వినగానే, వీడు ఎప్పటికైనా ఈ పని చేస్తాడని తనకు ముందే తెలుసన్నాడు. ఆ పూటే పనిలోంచి తీసేశాడు. షావుకార్ల న్యాయానికి సాక్ష్యాలతో పనిలేదు.

తిమ్మయ్య సుత్తి సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. రైలు స్టేషను దగ్గర కొట్టం వేసుకుని సైకిలు చక్రాలకు వంకర తీయడం మొదలుపెట్టాడు. అడగనివాళ్లకూ తీసేవాడు. ఎవడైనా సైకిలు గోడకు ఆనించి టికెట్టు కొనుక్కొచ్చేసరికి చక్రం విప్పి ఉండేది. ఈలోగా రైలు వెళ్లిపోయేది. రైలు రేపూ వస్తుంది కానీ ఈ చక్రంతో నువ్వు ఇల్లు చేరలేవని ఆ మనిషికే నచ్చజెప్పేవాడు.

ఇంట్లో భార్య పుల్లమ్మ సంగటి ముద్ద పెడితే, తినేముందు పళ్లెంలో ఒకసారి దొర్లించి చూసేవాడు. పక్కకు తిరిగితే మళ్లీ చేయమనేవాడు.

“నీ కడుపులోకి పొయ్యే ముద్దేనా ఇది, కర్నూలుకు పొయ్యే బండి చక్రమా?” అనేది పుల్లమ్మ.

ఇట్లా ఉండగా శెట్టి కొత్త లారీ కొన్నాడు. దాన్ని నడపడానికి బొజ్జన్న, ఇంకో డ్రైవరు గోపన్న ఇద్దరూ పట్టుబట్టారు. గోపన్న తరఫున శెట్టి భార్య మాట్లాడింది. కాదంటే ఇంట్లో గొడవ, అవునంటే గనిలో గొడవ. శెట్టి బుర్ర గోక్కుని ఒక ఉపాయం తీశాడు. ఆయుధ పూజనాడు పొడుగాటి బండను ఏటవాలుగా పెట్టి, దాంట్లో పైనుంచి కిందికి రెండు గాడులు కొట్టిస్తాడట. ఇద్దరూ తలా ఒక కొయ్య బొమ్మలారీ చేసుకురావాలి. బొమ్మ కింద కొట్టిన మేకు గాడిలో పడాలి, చక్రాలకు రబ్బరు టైర్లుండాలి. ముందు దిగినవాడిది కొత్త లారీ. ఓడినవాడు దాని మీదే క్లీనరు. మీసమున్న డ్రైవర్లిద్దరూ దీనికి తలలూపారు.

బొజ్జన్న పాత టైరు చెప్పుల్ని కత్తితో కోసి చక్రాలకు తొడిగాడు. అవి వడల్లా వచ్చాయి. ఇంటి దగ్గర చెక్కకు గాడి తీసి వదిలి చూస్తే, బొమ్మలారీ గాడిలోంచి ఎగిరి నీళ్ల తొట్టిలో పడింది. గోపన్న కింద క్లీనరు బతుకు కళ్లముందు కనబడింది. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన తిమ్మయ్య కొట్టానికి తలవంచుకుని వెళ్లాడు.

తిమ్మయ్య ఆ చక్రాల్ని చూసి, పుండు చూసినట్టు మొహం పెట్టాడు. వెంటనే పుల్లమ్మ రవికలు కుట్టే మిషను తల పీకేశాడు. కింది తొక్కుడుబల్లకు సైకిలు ఇరుసు బిగించాడు, ఇరుసుకు బొమ్మచక్రం తొడిగాడు, ఎదురుగా మరమేకుకు సానరాయి అమర్చాడు. బొజ్జన్న తొక్కుతుంటే చక్రం గిర్రున తిరుగుతుంది. తిమ్మయ్య మరమేకు తిప్పేకొద్దీ రాయి దగ్గరికొచ్చి, ఎత్తుగా ఉన్నచోట రబ్బరును గీరేస్తుంది. నల్లపొడి లేచి ఇద్దరూ బొగ్గుల్లా అయ్యారు.

గుండ్రం కుదిరిందో లేదో చూడటానికి తిరిగే చక్రానికి ఒక వెంట్రుక ఆనించాలి. అది అదరకూడదు. తిమ్మయ్యది నున్నటి గుండు. కాబట్టి బొజ్జన్న మీసంలోంచి పీకాడు. వెంట్రుక అదిరింది. ఇంకోటి పీకాడు.

కుడివైపు మీసం పలచబడేసరికి బొజ్జన్న కళ్లలో నీళ్లొచ్చాయి. నొప్పో మరేమిటో, ఉన్నట్టుండి కాలు ఆపాడు.

“అన్నా, ఆ రాళ్ల మూలలు...”

“తెలుసులేప్పా. నీ బండి వంకలో దిగింది.”

“ఎట్ల తెలుసు?”

“నేను అరగదీసింటే నాలుగు మూలలూ సమంగా పోతాండె. అవి మూడే పోయినాయి.”

“మరి శెట్టికి యాల చెప్పలేదు?”

“అప్పుడు మీ ఇంటామె నాగక్కకు నెలలు నిండినాయి గదప్పా. నీ పని పోతే కట్టుకున్నదాన్ని పస్తు పెడతావా? మాకైతే పుల్లమ్మ కుట్టుమిషను ఉండె. తొక్కు, తొక్కు, రాయి చల్లబడతాది.”

పూజనాడు గోపన్న బొమ్మలారీ గడగడలాడుతూ దిగింది. బొజ్జన్నది చప్పుడే చేయలేదు. ఇంకా బయల్దేరలేదేమని జనం పైకి చూస్తుండగానే అది కిందికొచ్చి, గీత దాటి, ఆగకుండా శెట్టి కుర్చీ కిందికి దూరింది. శెట్టి కాళ్లు రెండూ ఎత్తి, కుర్చీతోపాటు వెల్లకిలా కుంకుమ పళ్లెంలో పడ్డాడు. ఎర్రగా లేచి, లారీ బొజ్జన్నదేనన్నాడు.

తర్వాత బొజ్జన్నకు కొత్త లారీతో కడపకు రాళ్లు తోలే పని పడింది. నాగక్కతో సహా అక్కడికే కాపురం మార్చాడు. పోయేరోజు లారీ స్టేషను దగ్గర ఆపి, ఈరోజు శెట్టికి నిజం చెప్పేసే కదులుతానని, నిన్ను మళ్లీ పనిలోకి పిలిపిస్తానని పట్టుబట్టాడు.

తిమ్మయ్య చేతిలోని చక్రం కింద పెట్టి బొజ్జన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

“వద్దు నాయనా. పిలిస్తే పోవాల. పోతే మళ్లా నలుచదరం రాళ్లు కొయ్యాల. నీకు నేనేం ద్రోహం చేసినానప్పా?”